పంచాయతీ మెట్ల మీద మధ్యాహ్నాలు

మా ఊరి పంచాయతీలో నేను నీళ్ల ట్యాంకు దగ్గర పనిచేశాను. నా భార్య వీధులు ఊడ్చింది. ఇద్దరం ఒకే ఏడాది పనిలో చేరాం. ఒకే బల్ల ముందు నిలబడి జీతం తీసుకున్నాం. నాకు పింఛను వచ్చింది, ఆమెకి రాలేదు. ఎందుకు రాలేదో మా ఊళ్లో అప్పటివాళ్లందరికీ తెలుసు. వాళ్లు ఒక్కొక్కళ్లే వెళ్లిపోతున్నారు. ఉన్నవాళ్లకి ఆ సంగతి ఎత్తాలంటే మొహమాటం. నాకు అలాంటివేం లేవు కాబట్టి రాస్తున్నాను.

నేను బడి మెట్లు ఎక్కినవాణ్ణి కాదు. ట్యాంకు పనిలో ఒక సుఖం ఉంది. మోటారు వేశాక ట్యాంకు నిండేదాకా చేసేదేమీ లేదు, కూర్చోవడమే. ఆ ట్యాంకు గోడ మీద కుటుంబ నియంత్రణ గురించి ఎవరో మనిషంత అక్షరాలు రాసిపోయారు. టీకొట్టు ఆయన చేత వాటిని చెప్పించుకున్నాను. అవే నా ఓనమాలు. తర్వాత టీకొట్లో నిన్నటి పేపరు తెచ్చుకుని ట్యాంకు కింద కూర్చుని కూడబలుక్కున్నాను. నీళ్లు పైకెక్కే చప్పుడు వింటూ చదువుకున్న చదువు నాది. కొన్నేళ్లకి సర్కారు వాళ్ల ఉత్తర్వులు కూడా చదివి అర్థం చెప్పగలిగేవాణ్ణి. అర్థం లేనిచోట లేదనీ చెప్పేవాణ్ణి. దానివల్ల నాకు ఊళ్లో కొంత పేరు, కొంత పగ రెండూ వచ్చాయి.

తొంభైల చివర్లో అనుకుంటాను, మా యూనియన్ వాళ్లు గుంటూరులో పెట్టిన మీటింగుకి వెళ్లొచ్చాను. అప్పటిదాకా గవర్నమెంటు ఉద్యోగికి పింఛను ఉంది, పట్నంలో మునిసిపాలిటీవాళ్లకి ఉంది. పల్లెలో పంచాయతీ మనిషికి లేదు. నీళ్లొదిలేవాడికి, లైటు వేసేవాడికి, కాలవ తీసేవాడికి ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లే కూడు. ఆ మీటింగులో చెప్పారు, పంచాయతీల్లో ఏళ్ల తరబడి ఫుల్‌టైం చేసినవాళ్లని పర్మనెంటు కింద లెక్కేసి పింఛనిచ్చేలా ఉత్తర్వు వస్తోందని. మేం బస్సు దిగే పెదకాకాని దాకా నిలబడే వచ్చాను. కూర్చోబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి చెబితే నా భార్య నమ్మలేదు. అన్నం పెడుతూ, "ఆడాళ్లకి కూడానా?" అని మాత్రం అడిగింది. పని చేసిన వాళ్లందరికీ అన్నాను. గరిటె గిన్నెలో పెట్టేసి పీట మీద కూర్చుండిపోయింది.

ఆమె ఎందుకలా కూర్చుందో నాకు తెలుసు. ఆమెకంటే ముందు వాళ్లమ్మ ఇవే వీధులు ఊడ్చింది. నడుం వంగిపోయి చీపురు ఆనక, ఒకరోజు రేపట్నించి రావద్దన్నారు. ఆ తర్వాత ఆ ముసలావిడ అవే వీధుల్లో గిన్నె పట్టుకుని తిరిగింది. తను ఊడ్చిన గుమ్మాల ముందే నిలబడి గంజి అడిగింది. కూతురు చూస్తానన్నా వినేది కాదు, అల్లుడింట్లో తినడం ఏంటని. నా భార్య ఊడుస్తూ వాళ్లమ్మ నిలబడిన గుమ్మాల దగ్గరికి రాగానే చీపురు వేగం పెంచేది. తల ఎత్తేది కాదు. పింఛనంటే నాకు హక్కు, న్యాయం, యూనియన్. ఆమెకి మాత్రం అమ్మలా గిన్నె పట్టుకోకుండా పోవడం.

"నాకు నువ్వు పెడతావు, నాకు తెలుసు. కానీ నేను ఊడ్చినదానికి నాకు రావాల," అంది ఆ పూట. అంతకుమించి ఆమె ఎప్పుడూ ఏదీ అడగలేదు, నన్ను గానీ, సర్కారుని గానీ.

ఇప్పుడు మిరపకోతల సంగతి చెప్పాలి. అది లేకుండా ఈ కథ లేదు.

మా వైపు సంక్రాంతి వెళ్లాక చేలు ఎర్రబడతాయి. ఇక ఊళ్లో ఆడవాళ్లెవరూ ఇళ్లల్లో ఉండరు. ఆటోలకి, ట్రాక్టర్లకి వేలాడుతూ కోతకి పోతారు. చేలో వరసగా నిలబడి తలా ఒక సాలు పట్టుకుని కోసుకుంటూ పోవడాన్ని మునుం పట్టడం అంటాం. నా భార్య మునుం పడితే పక్క సాళ్లవాళ్లు వెనకబడిపోయేవాళ్లు. కాయని తొడిమతో తుంచాలి. తొడిమ ఊడితే గుంటూరు మిర్చి యార్డులో ధర పడిపోతుంది. కొమ్మ విరగకూడదు. రంగు తేలిపోయిన తాలుకాయ ఒడిలో పడకూడదు. ఆమె మాట్లాడుతూనే, నవ్వుతూనే, చెట్టు వైపు సరిగా చూడకుండానే కోసేది. ఊడ్చేటప్పుడు తల దించుకునే ఆ మనిషే చేలో మహారాణి. అక్కడ ఆమె జోకులకి ఎదురు జోకు వేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. పొద్దుగూకి వచ్చాక చేతులు నిప్పుల్లా మండేవి. మజ్జిగలో ముంచుకునేది, ఆముదం రాసుకునేది. కోత చేతులతో కన్ను తుడుచుకోకూడదు. చెమటొచ్చినా, నలక పడినా, ఏడుపొచ్చినా భుజానికేసి రుద్దుకోవాల్సిందే. కోతల రోజుల్లో ఆమె జాకెట్టు ముందు భుజం దగ్గరే చిరిగేది.

ఆమె ఎవరి చేలో కోసిందో అదే అసలు సంగతి. సర్పంచిని మా ఊళ్లో ప్రెసిడెంటు గారంటాం. ఆయనకి చెరువు అవతల మెట్టలో పెద్ద మిరపచేను. కోతలు మొదలవగానే ఆయన ట్రాక్టరు పంచాయతీ ఆఫీసు ముందుకే వచ్చేది. పొద్దున్నే వీధులు ఊడ్చి, చెత్త తట్ట ఎత్తి, సైడు కాలవలో సిల్టు తీసి ఆమె ఆఫీసు దగ్గరికి వచ్చేసరికి ట్రాక్టరు అక్కడ ఉండేది. ఎక్కమనేవాళ్లు. ఎక్కేది. ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. ఆయనకి ముందున్న ప్రెసిడెంటు గారి రోజుల్లోనూ అంతేనట, వాళ్లమ్మ కూడా అలాగే ఎక్కేదట. పంచాయతీలో పనిచేసే ఆడమనిషి కోతల్లో ప్రెసిడెంటు గారి చేలోకి వెళ్లడం మా ఊళ్లో ఉద్యోగంలో భాగం. కూలి ఇచ్చేవాళ్లా అంటే ఇచ్చేవాళ్లు. బయట ఇచ్చేదానికంటే తక్కువ. మధ్యాహ్నం అన్నం పెట్టేవాళ్లు. ప్రెసిడెంటు గారింట్లో అమ్మగారు స్వయంగా ఊరగాయ వేసేవారని నా భార్య గొప్పగా చెప్పేది.

మేం మగాళ్లం నలుగురం ఉండేవాళ్లం పంచాయతీలో. నేను, వీధిలైట్ల మనిషి, పన్ను వసూలు చేసే బిల్ కలెక్టరు, రెండో వైపు వీధులు ఊడ్చే ఆయన. మా పనులు పొద్దున కొంత, సాయంత్రం కొంత. మధ్యాహ్నాలు నా ట్యాంకు నీడలో తువ్వాలు పరుచుకుని పేకాడేవాళ్లం. నేను పేపరు చదివేవాణ్ణి గానీ అక్కడే ఉండేవాణ్ణి. ఈ మాట గుర్తుంచుకోండి.

ఉత్తర్వు వచ్చింది. ఎవరెవరు ఫుల్‌టైమో తేల్చడానికి డివిజను ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. ఫాల్గుణ మాసం, కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీలు వేశారు. ఒక కుర్చీలో ఆయన, పక్క కుర్చీలో ప్రెసిడెంటు గారు, గుమస్తా బల్ల దగ్గర. మేం ఐదుగురం గోడవారన నిలబడ్డాం. నా భార్యని చేలోంచి పిలిపించారు. ఆ ట్రాక్టరే తెచ్చి దించింది.

ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు. మెత్తగా మాట్లాడాడు, మంచినీళ్లు ఇచ్చినవాడికి థాంక్స్ చెప్పాడు. మగాళ్లని ఒక్కొక్కరినీ అడిగాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇక్కడే ఉంటారా అని. ఉంటామండి అన్నాం. అబద్ధం కాదు, ఉండేవాళ్లమే. రాసుకున్నాడు.

నా భార్య వంతు వచ్చింది. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. వేలిముద్ర వేయమని ప్యాడు జరిపారు. చెయ్యి ముందుకు చాపింది. ఎర్రగా, పొంగి, వేళ్ల సందుల్లో తోలు లేచి ఉంది. ఆఫీసరు ఆ చెయ్యి చూశాడు.

"ఏమ్మా, చేతులకేమైంది?"

"కోతకండి. మిరపకోత."

"ఊడ్చే పని ఉండగా కోతకెప్పుడు వెళ్తావు?"

"ఊరంతా ఊడ్చేసి, కాలవ తీసి, అప్పుడెళ్తానండి. పొద్దుగూకే దాకా ఉంటాను. నాతో మునుం పట్టే ఆడది ఈ ఊళ్లో లేదండి, కావాలంటే ఎవర్నన్నా అడగండి."

నవ్వుతూ చెప్పింది. మా వాళ్లకి అదొక మర్యాద. ఎవరైనా పెద్దమనిషి అడిగితే, నేను ఒళ్లు దాచుకునేదాన్ని కాదు, రెండు పనులు చేసుకు బతికేదాన్ని అని చెప్పుకోవాలి. చేతులు చూపించాలి. అలా చూపిస్తే ఎదుటివాడు మెచ్చుకుంటాడని నమ్మకం. నేను ఇంట్లో అన్నీ చెప్పాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పంచాయతీ పనే అనమని వల్లె వేయించాను. కానీ ఆయన వేళలు అడగకుండా చేతులు అడిగాడు. చేతుల గురించి అడిగితే ఆమె ఇంకేం చెబుతుంది.

ఆఫీసరు కలం ఆగింది. ఆయన మొహంలో మెప్పూ ఉంది, ఇబ్బందీ ఉంది. "ఎవరి చేలో అమ్మా?" అని అడిగాడు.

ఆమె ప్రెసిడెంటు గారి వైపు చూసింది. ఆయన వరండా దూలం వైపు చూస్తున్నాడు. అక్కడ పిచ్చుక గూడు ఉండేది. ఆ గూడు నేనూ చూశాను, అందులో ఏమీ లేదు.

"ఎవరిదైతేనేం బాబూ, కూలికి," అంది.

నేను ఊరుకోలేదు. గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చి చెప్పాను. ఈ కుర్చీలో కూర్చున్న ప్రెసిడెంటు గారి చేలోనేనండి, బయట నిలబడి ఉన్న ట్రాక్టరు ఈ ఆఫీసు ముందు నించే ఎక్కించుకుపోతుంది, ఇప్పుడు కూడా అందులోంచే దిగింది, అది ఆమె సొంత కూలి కాదు, పంచాయతీ మనిషి కాబట్టే తీసుకెళ్తారు అన్నాను. నా గొంతు పెద్దది. వీధిలో పోయేవాళ్లు ఆగారు.

ప్రెసిడెంటు గారు దూలం మీంచి చూపు దించి నవ్వాడు. "వీడు ట్యాంకు కింద పేపర్లు చదివి చదివి ఇలా తయారయ్యాడండి," అన్నాడు ఆఫీసరుతో. "నీది రాసుకున్నారు కదరా, ఇంకేంటి నీకు?" అన్నాడు నాతో.

ఆఫీసరు నన్ను వదిలేసి ఆమెనే అడిగాడు. "ఆయన చెప్పేది నిజమేనా అమ్మా? నువ్వు చెబితే రాస్తాను."

రాసేవాడే. ఆ మనిషి రాసేవాడే అని ఇప్పటికీ నా నమ్మకం.

నా భార్య నా వైపు చూడలేదు. "ఆయన మాటలు పట్టించుకోకండి బాబూ, ఆయనకి కోపం ఎక్కువ. నా ఇష్టం కొద్దీ నేనే వెళ్లాను," అంది. అని వేలిముద్ర వేసింది. వేలు మంట పుట్టిందేమో, వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్లీ ట్రాక్టరెక్కి చేలోకి పోయింది, సాలు సగంలో వదిలొచ్చింది మరి.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చాక నేను అనరాని మాటలేమీ అనలేదు, కానీ అడిగాను. ఎందుకలా అన్నావు, ఆయనేమన్నా నీకు చుట్టమా అని. మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చుని ఉంది.

"నువ్వు అరిచి ట్యాంకెక్కుతావయ్యా. రేపు పొద్దున్నే ఆ వాకిలి ముందు వంగేది నేను," అంది. మజ్జిగలో చేతులు తిప్పుకుంటూ, "వాళ్ల అన్నం తిన్నాను. పరాయి ఆఫీసరు ముందు ఆయన పేరు ఎట్టా చెప్పను?" అంది.

ఆ మాటకి నా కోపం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. అన్నం పెట్టాడట. ఆమె చేతులు కోసిన కాయ యార్డుకి పోతే ఆయన మేడ మీద మేడ లేచింది. మధ్యాహ్నం రెండు ముద్దలు, ఇంత ఊరగాయ. దానికి ఆమె నోరు కట్టుకుంది. నోరు కట్టుకోవలసిన మర్యాద అన్నం తిన్నవాళ్లకేనా, పెట్టి పని చేయించుకున్నవాళ్లకి ఏమీ ఉండదా? ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది. మా చేలోనే లెండి, పంచాయతీ మనిషే, రాసెయ్యండి అంటే ఆయన ఆస్తిలో సెంటు భూమి తగ్గేది కాదు. కుర్చీ కదులుతుందేమో అని దూలం చూశాడు.

కొన్ని నెలలకి ఎవరెవరికి పింఛనో తేలుస్తూ కాగితం వచ్చింది. మగాళ్లం నలుగురం ఫుల్‌టైం. ఆమె పార్ట్‌టైం, అర్హత లేదు. పేకాడినవాళ్లం ఫుల్‌టైం, రెండు పనులు చేసింది పార్ట్‌టైం. దీన్ని లెక్క అంటారట, రూల్సు అంటారట.

నా భార్య ఆ కాగితం నా చేత చదివించుకుంది. ఇంకోసారి చదవమంది. పార్ట్‌టైం అంటే ఏంటి అని అడిగింది. కొంచెంసేపు చేసే పని అని చెప్పాను.

"కొంచెంసేపా," అంది. చీపురు తీసుకుని బయటికెళ్లి మా వాకిలి ఊడ్చింది. పొద్దున ఊడ్చిన వాకిలే.

మరుసటి ఏడాది కోతలొచ్చాయి. ట్రాక్టరు ఆఫీసు ముందుకొచ్చింది. ఆమె ఎక్కలేదు. రానని కూలీల మేస్త్రీతో చెప్పింది. ఆ మధ్యాహ్నం ట్యాంకు మీంచి నేను చూశాను. ఆమె పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. చీపురు పక్కన పెట్టుకుని, కొంగు తల మీద వేసుకుని. ఏమీ చేయడం లేదు. ఊరికే కూర్చుంది. ఆఫీసు మూసేదాకా కూర్చుంది.

మరునాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. కిందికి దిగి వెళ్లి అడిగితే, "నలుగురూ చూడాలిగా, ఫుల్‌టైం ఇక్కడే ఉంటున్నానని," అంది. మళ్లీ ఎప్పుడైనా ఆఫీసరు వస్తే ఈసారి చేతులు చూసి అడగడానికి ఏమీ ఉండకూడదని ఆమె లెక్క. కోతలప్పుడే కాదు, వానాకాలం, ఎండాకాలం కూడా. ఆ మెట్లు మధ్యాహ్నం కాలిపోయేవి. గోనెపట్టా వేసుకు కూర్చునేది. ఒక నిమిషం ఖాళీగా ఉంటే ఏదో ఒకటి సర్దే మనిషి, పప్పులో రాళ్లేరే మనిషి, మెట్ల మీద చేతులు ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చునేది. కోతల ఆటోలు ఆ రోడ్డు మీదే పోవాలి. ఆడవాళ్లు ఆటో ఆపించి, ఏమే, పెద్ద ఆఫీసరువయ్యావా, రా ఎక్కు, నువ్వు లేక మునుం సాగట్లేదు అని పిలిచేవాళ్లు. మొదట్లో నవ్వేది. తర్వాత్తర్వాత ఆటో చప్పుడు వినపడగానే తల దించుకునేది. వీధిలో ఊడ్చేటప్పుడు దించుకున్నట్టే.

ఆమెకి మా ఊళ్లో ఉన్న ఒక్క చోటు, తల ఎత్తుకుని నిలబడే చోటు, ఆ మిరపచేను. దాన్ని వదులుకుంది. కూలి వదులుకుంది, అది సరే, నవ్వూ వదులుకుంది. నేను వద్దన్నాను. పోనీ కోతకి వెళ్లు, పింఛను సంగతి నేను చూస్తాను, అర్జీలు పెడతాను అన్నాను. పెట్టాను కూడా. సోమవారం సోమవారం కలెక్టరాఫీసు ముందు వరసలో నిలబడ్డాను. నా అర్జీల్లో అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని ఒక గుమస్తా మెచ్చుకున్నాడు. ఆమె మాత్రం మెట్లు దిగలేదు.

ఏళ్లు గడిచాయి. నేను రిటైరయ్యాను. మొదటి పింఛను తెచ్చిన రోజున ఆమె చేతిలో పెట్టబోయాను. చెయ్యి చాపలేదు. దేవుడి పటం ముందు పెట్టమంది. ఆమె మీద ఆమెకి కోపమో, నా మీదనో, నాకు తెలియలేదు. నేను పోయాక నా పింఛను ఆమెకొస్తుంది కదా అని ఒకసారి ఓదార్పుగా అన్నాను. "అది నీ నీళ్ల పింఛను. నేను ఊడ్చినదానికి ఏదీ?" అంది. ఈలోగా సర్కారువాళ్లు ఇంకో వింత చేశారు. ఆ పైన కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్లకి పాత పింఛనే ఉండదన్నారు. నేను పేపరు చదివి ఆమెకి చెబితే, "నాకొచ్చేలోపు అందరికీ తీసేస్తారా ఏంటి?" అని భయపడింది.

దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లోకి చేరింది. దగ్గు. గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించాం. ఊడ్చడం మానేయమన్నారు. మానేయడానికి ఆమెకి భయం, మానేస్తే సర్వీసు తెగిపోతుందని. కిందపడిపోయేదాకా మానలేదు.

ఆమె మంచం పట్టిన ఏడాది, పార్ట్‌టైం వాళ్లలో ఎక్కువేళ్లు చేసినవాళ్ల సంగతి మళ్లీ చూడమని ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఈసారి విచారణకి ఒక ఆడ ఆఫీసరు వచ్చింది. చిన్నపిల్ల, మంచి పిల్ల. మెట్ల మీదికి పిలిపించకుండా మా ఇంటికే వచ్చి మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఈసారి నన్ను మాట్లాడవద్దని నా భార్య ముందే ఒట్టు వేయించుకుంది.

ఆ పిల్ల పాత కాగితాలు చూసి అడిగింది. "మీరు కోతలకి వెళ్లేవారని ఇందులో రాశారమ్మా."

"లేదమ్మా. తప్పు రాశారు. నేను ఏనాడూ చేలోకి పోలేదు."

"ఈ ఊళ్లో కోతకి వెళ్లని ఆడవాళ్లున్నారా?" అని నవ్వింది ఆ పిల్ల, ఎత్తిపొడుపుగా కాదు, మామూలుగానే.

నా భార్య దుప్పటి కిందినుంచి చేతులు తీసి చూపించింది. తెల్లగా, ముడతలు పడి, సన్నగా ఉన్నాయి. ఏళ్ల తరబడి మెట్ల మీద ఒళ్లో పెట్టుకుని కూర్చున్న చేతులు.

"నాకు కోత రాదమ్మా," అంది.

నేను గుమ్మం దగ్గర ఉండలేక బయటికొచ్చేశాను. ఊళ్లో ఇంకెవరన్నా ఆ మాట అని ఉంటే వాళ్లతో దెబ్బలాడేవాణ్ణి. ఆమే అంది. ఆమెకి కోత రాదట. ఆ పిల్ల రాసుకుని, నాకు నమస్కారం పెట్టి వెళ్లింది. నేను లోపలికొచ్చేసరికి ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. భుజానికేసి మొహం రుద్దుకుంటోంది. చేతులు శుభ్రంగానే ఉన్నాయి, మంటా లేదు, కారమూ లేదు. అయినా అలవాటు అలాగే ఉండిపోయింది.

జవాబు రాలేదు. పరిశీలనలో ఉందన్నారు. పోయి అడిగితే, పైకి పంపామన్నారు. ఆమె ప్రతి సాయంత్రం నా మొహం చూసేది, ఏమైనా తెలిసిందా అన్నట్టు. నేను అటు తిరిగి పేపరు చదువుకుంటున్నట్టు ఉండేవాణ్ణి.

మాఘమాసంలో పోయింది. పగటి పూట, చేలన్నీ ఎర్రగా ఉన్న రోజుల్లో. కబురు చేలకి చేరింది. ఆడవాళ్లు కోత ఆపేసి ఉన్నపళాన వచ్చారు. ఇంటికెళ్లి చేతులు కడుక్కున్నవాళ్లు లేరు. ఒంటి మీద పడి ఏడవబోయి, చేతులు చూసుకుని ఆగిపోయారు. పోయినామెని కారం చేతులతో ఎలా ముట్టుకోవాలో తెలియక చుట్టూ నిలబడి ఏడ్చారు. నీతో మునుం పట్టేదెవరే అని ఒకామె అంటూనే ఉంది.

ప్రెసిడెంటు గారు కూడా వచ్చాడు. అప్పటికి కుర్చీ ఆయనది కాదు, ముసలాయన, చేతికర్ర. ఖర్చులకేమైనా ఇస్తానని నా చెయ్యి పట్టుకున్నాడు. వద్దన్నాను. ఆయన కదలకుండా నిలబడ్డాడు. నేనే అడిగాను, ఆ రోజు ఆఫీసరు అడిగిన మాటే.

"ఎవరి చేనండీ?"

ఏ చేను అని ఆయన అడగలేదు. ఈసారి పైకి చూడలేదు. చూద్దామన్నా మా ఇంటికి దూలం లేదు, రేకుల కప్పు.

"మాదేరా," అన్నాడు.

అందరికీ వినపడేంత గట్టిగానే అన్నాడు. రాసుకునేవాళ్లు ఎవరూ లేరు. విన్నది ఆ ఆడవాళ్లే. వాళ్లు ఆ పూట ఆయన చేలోంచే వచ్చారు. ఎర్రటి చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని, భుజాలకేసి కళ్లు రుద్దుకుంటున్నారు.